విడుపు దరువు

మొన్న భోపాల్‌పట్నం బస్టాండులో బస్సు కోసం కూర్చుని ఉంటే పక్క బెంచీ మీద చంటిబిడ్డతో ఉన్న అమ్మాయి ఫోన్ మోగింది. నేను చటుక్కున లేచి నిలబడ్డాను. ఒళ్లో పెట్టుకున్న జామకాయలు కిందపడి దొర్లిపోయాయి. వాటిని ఏరుకోవాలని కూడా తోచలేదు. పన్నెండు సెకన్ల డప్పు అది. మూడు పెద్ద దెబ్బలు, కాస్త ఖాళీ, మళ్లీ మూడు, ఆ తర్వాత ఊపిరి తీసుకోనివ్వని సన్న దెబ్బల పరుగు, చివర ఒక్కటి, గట్టిగా.

దాదాపు నలభై ఏళ్ల కిందట అది బస్తర్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్ గుర్తు. ప్రతి కార్యక్రమం ముందూ అదే మోగేది. గాలి బాగుంటే ఒకవైపు తోంగ్‌పాల్ దాకా, ఇటు ఇంద్రావతి ఒడ్డు దాకా వినబడేది. దాన్ని రేడియోలోకి ఎక్కించింది నేనే. ఎక్కించాననడం మర్యాదకు అంటున్న మాట. దొంగిలించాను.

స్టేషన్ ఏ ఊళ్లో ఉండేదో చెప్పను. అప్పటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, నొచ్చుకుంటారు. ఆ డప్పు కొట్టిన ఆయన పేరూ చెప్పను. చెబితే ఆయనకు నచ్చదు. "పేరెందుకు బిడ్డా, డప్పు మోగితే ఎవడో తెల్వదా?" అనేవాడు.

నేను అక్కడ తెలుగులో మాట్లాడే అనౌన్సర్‌ని. ఉద్యోగం కాదు, పిలిచినప్పుడు వెళ్లే పని. సరిహద్దు పల్లెల కోసం వారానికి ఒక్క అరగంట నాది. అందులో జానపదాలు వచ్చినప్పుడల్లా డప్పుకు ఆయన వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏళ్ల తరబడి డప్పు తాడు మోసి మెడ ఎడమకు వంగిపోయింది. ఎవరితో మాట్లాడినా ఏదో సందేహం అడుగుతున్నట్టే ఉండేది. పొద్దున మొదటి బస్సుకు దిగేవాడు, చంకలో తువ్వాలు చుట్టిన డప్పుతో. స్టేషన్ పెద్ద సాబ్‌తో హిందీ, ప్యూనుతో హల్బీ, పాటగాళ్లతో దోర్లీ, నాతో తెలుగు. తిట్టాల్సి వస్తే మాత్రం ఎవరినైనా తెలుగులోనే తిట్టేవాడు.

వచ్చీ రాగానే స్టేషన్ వెనక గోడవారగా కూర్చుని మంట వేసేవాడు. డప్పు కాగితేనే గదా పలికేది. ఆ మంటకు మేము చదివి పారేసిన కాగితాలు కావాలి. నా బల్ల కింది బుట్ట ఎత్తుకుపోయి కాల్చుకునేవాడు.

"నీ ఎవుసం ముచ్చట్లు మంచిగ అంటుకుంటయి బిడ్డా. గా వార్తల కాగితాలకే పొగెక్కువ."

"నేను కష్టపడి రాసింది తాతా అది. నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వుతున్ననా? మంట మంచిగ వస్తుందనే అంటున్న."

ఆయన ఎక్కడా ఊరికే చప్పుడు చేయడు. కుర్చీ లాగడు, గ్లాసు ఠక్కున పెట్టడు. చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చుంటాడు. ఒకసారి మా ఇంజనీరు ఏదో ఆలోచిస్తూ పెన్సిలుతో బల్ల మీద టకటకా కొడుతుంటే తాత లేచి వెళ్లి ఇంజనీరు మణికట్టు పట్టుకున్నాడు.

"ఊకె కొట్టకు సార్. కొడితే యాడనో ఒకరు లేస్తరు."

అందరం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత అదొక ఆటయింది మాకు. ఆయన వినేలా కావాలని బల్ల మీద కొట్టేవాళ్లం. కొట్టిన ప్రతిసారీ ఆయన మావైపు కాదు, గుమ్మం వైపు చూసేవాడు. నేనూ కొట్టాను. బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో అప్పుడు.

ఇంకొకటుంది. మైకు ముందు నిలబడ్డాక డప్పు పుల్లలు పైకెత్తి, "ఎవరిని పిల్వాలె?" అని అడిగేవాడు. పెళ్లికి పిలువు అంటే పెళ్లి దరువు. జాతరకు అంటే అది. పనుల తొందరలో ఉండి ఒకరోజు, "ఎవరినీ పిలవనక్కర్లేదు తాతా, రెండు నిమిషాలు ఊరికే కొట్టు" అన్నాను. డప్పు దించి నేలమీద పెట్టేశాడు.

"ఎవరిని పిల్వకుంట ఎట్ల కొడుతరు బిడ్డా?"

కోపం కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. వాయించడం అయ్యాక అరచెయ్యి డప్పు మీద ఆనించి, మోత పూర్తిగా చచ్చేదాకా అట్లాగే ఉంచేవాడు. ఆ చివరి మోత టేపు మీద బాగుంటుంది, చెయ్యి పెట్టవద్దని ఇంజనీరు మొత్తుకునేవాడు. వింటేగా!

రికార్డింగు అయి బయటికి వస్తూ తప్పకుండా ఒక మాట అడిగేవాడు. "ఇది ఏ రోజు వస్తది? ఎన్నిగంటలకు? మా అక్క ఇంటది."

ఆ అక్క కథ ముక్కలుముక్కలుగా తెలిసింది నాకు. భోపాల్‌పట్నం దగ్గరే, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరికి ఈ కొసన ఆయన, ఆ కొసన అక్క. అక్కకు చిన్నప్పుడే భర్త పోయాడు. పిల్లలు లేరు. భర్త పోయిన నాటినుంచి ఆమె తమ్ముణ్ణి డప్పుతో గడప తొక్కనివ్వలేదు. "నా ఇంటి ముందట డప్పు మోగొద్దు" అందట. తమ్ముడు వస్తే అన్నం పెడుతుంది, ఆ డప్పు మాత్రం కనబడకూడదు. నలభై ఏళ్లు. రేడియోలో వాయించడం మొదలుపెట్టాక ఆయన అక్కకు ఒక రేడియో కొనిచ్చాడు. అందులో మోగేది తమ్ముడు కొట్టిందే అని ఆమెకు తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

ఒకరోజు బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మంట వేయలేదు, టీ అడగలేదు. ముఖం వెలిగిపోతోంది.

"నిన్న అక్క ఏమన్నదో ఎరికేనా? 'రేడియోల ఎవరో మంచిగ కొట్టిండు రా తమ్మీ' అన్నది."

"నేనే అని చెప్పలేదా?"

"ఎందుకు చెప్త? ఎవరో కొట్టిండన్నది. గది చాలదా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల తర్వాత ఆ అక్క నోట వచ్చిన ఆ ఒక్క మాటే ఆయనకు దక్కిన పెన్నిధి. దాన్ని ఎవరు పాడుచేయబోతున్నారో ఆ పూట ఇద్దరికీ తెలియదు.

ఆ ఏడే స్టేషన్‌కు కొత్త సాబ్ వచ్చాడు. ఎక్కడో పెద్ద పట్నం మనిషి. హుషారైనవాడు, చెడ్డవాడు కాదు. వచ్చిన వారానికే మీటింగు పెట్టి, "పెద్ద స్టేషన్లకు ఎవరి ట్యూను వారికి ఉంది. వింటే చాలు, పేరు చెప్పక్కర్లేదు. మనకేముంది? పదీ పన్నెండు సెకన్లు చాలు. బస్తర్‌లో ఎవడు ఏ పనిలో ఉన్నా తల తిప్పాలి" అన్నాడు. నావైపు చూసి, "మేడమ్, మీకు ఈ వాద్యాలవాళ్లంతా తెలుసు. మీరు తెండి. తెస్తే వారానికి కాదు, రోజూ అరగంట మీకే" అన్నాడు.

రోజూ అరగంట! ఆ మాట చెవిలో పడ్డప్పటినుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. తాతను పిలిపించి పెళ్లి, జాతర, వేట, కోతలు, ఆయనకు వచ్చిన దరువులన్నీ వాయింపజేశాను. సాబ్ అన్నీ విన్నాడు. "బాగున్నాయి. చాలా అందంగా ఉన్నాయి. కానీ తల తిప్పించవు" అన్నాడు.

ఒక మధ్యాహ్నం రికార్డింగు అయిపోయింది. పాటగాళ్లు వెళ్లిపోయారు, ఇంజనీరు భోజనానికి పోయాడు. స్టూడియోలో తాతా నేనూ మిగిలాం. పల్లెలకు తీసుకుపోయే చిన్న టేపురికార్డరు నా పక్కన ఉంది. మీ నాయన గురించి చెప్పు తాతా అన్నాను. అంటూనే నొక్కాను. ఆయన చూడలేదు.

"మా నాయన కోట్వార్ గద. రియాసతు రోజులు. బస్తర్ రాజ్యంల ఊర్లె ఏ కబురైనా కోట్వారే చాటాలె. కబురుకో దరువు ఉండేది. పన్నుకు ఒకటి, పులి వస్తె ఒకటి, ఊర్లె రోగమొస్తె ఒకటి. జగర్గుండ సంత ఏ దినమో గది కూడ డప్పుతోనే తెల్సేది. నోటితోని చెప్పుడు తర్వాత. దరువుకే జనం ఎరిక పట్టెటోళ్లు."

"అన్నిటికన్నా గట్టిది ఏది? వినగానే జనం లేచేది?"

ఆయన చేతులు చంకల్లోకి పోయాయి. "వెట్టిది" అన్నాడు.

అధికారులు ఊళ్లమీద దౌరాకు వస్తే వాళ్ల సామాను మోయడానికి ఇంటికొక మనిషి పోవాలి. కూలీ లేదు, కూడూ లేదు. ఆ దరువు ఆగేలోపు గంజి బుర్ర చేత పట్టుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండాలి. తల లెక్కకు తక్కువైతే కోట్వార్ వీపు పగిలేది.

"అదెట్లా ఉంటుంది తాతా? ఒక్కసారి కొట్టవా?"

"గది కొట్టను."

"ఇప్పుడు లేచేదెవరు? రాజులు పోయారు, రాజ్యం పోయింది. ఈ గది గోడలు చూశావుగా, బొంత వేసినట్టు ఎంత మందమో. ఇక్కడ చప్పుడు బయటికి పోదు."

"నిజంగ పోదా?"

"పోదు తాతా."

ఆయన లేచి బయటికి వెళ్లాడు. తలుపు వేయమన్నాడు. నన్ను లోపల గట్టిగా చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టాను. తలుపు తీసుకుని వచ్చి, "ఇనబడలే" అన్నాడు, తృప్తిగా. అంత జాగ్రత్త పడ్డాడు ఆ మనిషి. అప్పుడు డప్పు ఎత్తుకున్నాడు.

పన్నెండు సెకన్లు. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకు తెలియదు. వెట్టి ముఖం ఎరగనిదాన్ని, మా ఇంట్లో ఎవరూ మోసినవాళ్లు కాదు. అయినా లేచాను. లేచి, చెయ్యి వెనక్కి పోనిచ్చి టేపు ఆపేశాను. నాకు కావలసింది దొరికింది, ఇంకాసేపు తిరిగితే ఆయన కంటపడుతుందని భయం. అంతే నా తెలివి.

ఆయన నన్ను చూశాడు. "లేచినవ్ గద. నిలవెట్టి పోవద్దు" అంటూ పుల్లలు పక్కన పడేసి, డప్పును ఒళ్లో పెట్టుకుని వేళ్లతో ఇంకొకటి వాయించాడు. చాలా మెత్తగా. పనయ్యాక జనాన్ని ఇళ్లకు వదిలే విడుపు దరువు అది. నాకు తెలియకుండానే మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. అరచెయ్యి డప్పు మీద ఆనించి, "ఇగ పో" అన్నాడు నవ్వుతూ.

ఆ విడుపు టేపులో లేదు.

సాబ్ టేపు విని కుర్చీలోంచి ఎగిరినంత పనిచేశాడు. వారం తిరక్కుండా అది గాలిలోకి పోయింది. ప్రతి కార్యక్రమం ముందు ఆ దరువు. ఉత్తరాలు వచ్చాయి, బ్రహ్మాండంగా ఉందని. బస్సులు ఎక్కేవాళ్లు ఈల వేసుకుంటూ తిరిగారు. నాకు రోజూ అరగంట ఇచ్చారు. ఆ దరువు ఆగగానే నా గొంతు వచ్చేది: "నమస్కారం, అందరూ రండి." అప్పుడు నేను నేలమీద నడిచానా!

తాత పది రోజులకు వచ్చాడు. బస్సు దిగిన చోట టీ దుకాణంలోనే విన్నాడట. నా గదిలోకి వచ్చాడు, కూర్చోలేదు.

"బిడ్డా, గోడలకు బొంత ఉన్నదంటివి."

తప్పు చేసినదాన్ని నోరు మూసుకోనా? "ఎంత పేరొచ్చిందో తెలుసా తాతా? నీ పేరు కూడా చెప్పిస్తాను రేడియోలో" అన్నాను.

"పేరొద్దు. గది బంద్ చేయించు."

"అంత కోపమెందుకు? పాతకాలపు దరువే కదా..."

"మా అక్క ఇంట్ల రేడియో ఉన్నది" అన్నాడు.

అంతకు మించి చెప్పలేదు. సాబ్‌తో మాట్లాడతానని చెప్పి ఉండమన్నాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను సాబ్ గదిలోకి వెళ్లాను. మరుసటి వారం కార్యక్రమాల గురించి మాట్లాడాను. బయటికి వచ్చాను. "చూద్దామన్నారు తాతా" అన్నాను. ఆయన నమ్మాడు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుని పోయాడు. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో మళ్లీ చేయలేదు.

తర్వాత ఆయన రాలేదు. కబురు పెట్టినా రాలేదు. వానలు వెనకపట్టాక ఆ దారినే మా ఇంటికి వెళ్తూ, మనసు ఊరుకోక, భోపాల్‌పట్నంలో బస్సు దిగి నడిచి ఆయన ఊరికి పోయాను. ఇంటికి తాళం. ఆ కొసన అక్క దగ్గరున్నాడన్నారు.

అక్క వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన డప్పు. ఎదురుగా గడ్డి మంట. నలభై ఏళ్లు ఆ గడప దాటని డప్పు వాకిట్లో ఉంది. అరుగు మీద అక్క. చిన్న మనిషి, నిండా తెల్లజుట్టు. నన్ను చూసి ఎవరివి బిడ్డా, నీళ్లు తాగుతావా అని అడిగింది. నాకు ప్రాణం కుదుటపడింది. బాగానే ఉందిగా అనుకున్నాను.

తాత నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తన పక్కన చాప చూపించి, తక్కువ గొంతుతో చెప్పుకొచ్చాడు.

"మా నాయన వెట్టి దరువుకు డప్పు కాచెటోడు కాదు. పచ్చి డప్పు కొట్టెటోడు. బొదబొద మని ఈ వాడకే ఇనబడేది. అవతలి వాడోళ్లు మాకు ఇనబళ్లేదని అడివిల పడెటోళ్లు. గదీ మా నాయన ఇకమతు. ఒకపారి నాయనకు జ్వరమొచ్చింది. పోయి కొట్టు రా అన్నడు. నాకు పద్దెనిమిదేండ్లు, చేతిల తొలిసారి డప్పు. ఊరంత నన్నే చూడాలె. నేను కాచిన బిడ్డా. మంచిగ కాచిన. గంత మంచిగ మళ్లెన్నడు కొట్టలే. నాయన మంచంలకెల్లి లేచి ఉరికొచ్చిండు, ఆపు రా అనుకుంట. అప్పటికే బావ బుర్ర పట్టుకొని గడపల నిలవడ్డడు. రెండు దినాల ముందే వెట్టి నుంచి వచ్చిండు, కాళ్లు వాసి ఉన్నయి. ఇనబడకపోతె పండుకొనెటోడు."

"తర్వాత?"

"ఏరు నిండుగ ఉండె. సామాను అవతలి ఒడ్డు చేరింది. బావ చేరలే. వెట్టికి పోయినోళ్లు మళ్లొస్తె విడుపు కొట్టాలె గద, బావ రాకపాయె, ఎవరికి కొట్టాలె? నేను కొట్టలే."

"ఆ రేడియో తీసి అవతల పడేయకపోయావా తాతా" అన్నాను.

"ఈ ఇంట్ల తీసిన. పక్కింట్ల ఉన్నది, దుకాణంల ఉన్నది, స్కూల్ల ఉన్నది. ఊరంత ఎట్ల బంద్ చేస్త?"

ఆయన ఆ మాట అంటుండగానే పక్కింటి వసారాలో రేడియో గరగరలాడింది. మధ్యాహ్నం కార్యక్రమాల వేళ. మూడు పెద్ద దెబ్బలు పడ్డాయి.

అక్క లేచింది. అప్పటిదాకా నాకు నీళ్లిచ్చి కబుర్లు చెప్పిన మనిషి నా ముఖం ఎరగనట్టు లోపలికి పోయింది. సొరబుర్ర చేత పట్టుకుని, నెత్తిన చుట్టకుదురు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సన్న దెబ్బల పరుగు అయిపోయి చివరిది పడేసరికి ఆమె నిటారుగా ఉంది. కళ్లు నా మీద పడ్డాయి. ఇస్త్రీ చీర, చెప్పులు, భుజాన సంచీ.

"దొరసానీ, మా ఇంట్ల మొగోడు లేడు. నేనొస్త, పోదం పాండ్రి" అంది.

అని, నా భుజానున్న సంచీ తీసుకుని నెత్తిన పెట్టుకుంది.

ఆమె నెత్తి మీంచి లాక్కోవాలని తెలుసు, చెయ్యి లేవలేదు. పక్కింటి రేడియోలోంచి నా గొంతే వస్తోంది, ముందే రికార్డు చేసి వచ్చిన అరగంట: "నమస్కారం, అందరూ రండి." ఆమె ఒక అడుగు వేసింది.

తాత డప్పు ఒళ్లోకి తీసుకున్నాడు. పుల్లలు ముట్టలేదు. అక్క ముఖాన్నే చూస్తూ వేళ్లతో విడుపు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టాడు, కొట్టాడు. ఆమె అడుగు ఆగింది. భుజాలు సడలాయి. సంచీ దించి కింద పెట్టింది. బుర్ర పెట్టింది. అరుగు మీద కూలబడి, అటూ ఇటూ చూసి, "ఎప్పుడొచ్చినవ్ రా తమ్మీ?" అని అడిగింది.

"ఇప్పుడే అక్కా" అన్నాడు ఆయన, అరచెయ్యి డప్పు మీద ఆనించి.

నేను ఏడ్చాను. ఎవరి కోసమో తెలియదు, నా కోసం కూడా కావచ్చు. "రోజూ ఎన్నిసార్లు తాతా?" అని అడిగాను. "నీ రేడియో ఎన్నిసార్లు పిలిస్తె గన్నిసార్లు" అన్నాడు.

తిరిగి వెళ్లాక ఈసారి నిజంగానే సాబ్‌ను అడిగాను. అంతా చెప్పాను, నా దొంగతనంతో సహా. ఆయన విన్నాడు, బాధపడ్డాడు కూడా. "ఒక్క ముసలావిడ కోసం..." అన్నాడు. ఒక్కావిడ కాదు సార్, ఆ కాలంవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, ఎవరెవరు లేచి నిలబడుతున్నారో మనకేం తెలుసు అన్నాను. "పైకి పంపాం, ఒప్పుకున్నారు, ఇప్పుడు మార్చడం నా చేతిలో లేదు. అయినా తెచ్చింది మీరే, తీసేయమనేదీ మీరేనా?" అన్నాడు.

కనీసం చివర విడుపు అతికిద్దామని టేపురికార్డరు పట్టుకుని మళ్లీ ఆ వాకిటికి పోయాను. ఈసారి దాచలేదు, ఆయన ముందే పెట్టాను. ఆయన చేత్తో పక్కకు జరిపేశాడు.

"పిలిచెటోడు యాడికెల్లన్న పిలుస్తడు బిడ్డా. ఇడిసిపెట్టెటోడు ఎదురుంగ ఉండాలె. మనిషి కూసున్నదా లేదా చూసుకుంట కొట్టాలె. డబ్బకు ఏం కనవడతది?"

నా చేతిలో మిగిలింది నా గొంతు ఒక్కటే. "అందరూ రండి" మానేశాను. దరువు ఆగగానే, "నమస్కారం, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి, ఎక్కడికీ పోనక్కర్లేదు" అని మొదలుపెట్టేదాన్ని. ఇదేం మొదలని సాబ్ అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. నెల తర్వాత తాత ఒక మనిషితో కబురు పంపాడు. "నీ మాట ఇంటున్న బిడ్డా. మంచిగనే చెప్తున్నవ్. గాని అక్క మాటకు కూసోదు. దరువుకే కూసుంటది."

రెండు వానాకాలాలు ఆయన ఆ వాకిట్లోనే ఉన్నాడు. పెళ్లిళ్లు మానేశాడు, జాతరలు మానేశాడు, ఎక్కడికీ కదల్లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రేడియో పిలిచేది. అక్క లేచేది. ఆయన కూర్చోబెట్టేవాడు. రెండో ఎండాకాలంలో ఆమె పోయింది, అరుగు మీద కూర్చునే పోయిందని చెప్పారు. ఆ ఏడే ఆయనా పోయాడు. డప్పు ఎవరు తీసుకున్నారో తెలియదు. మరుసటి ఏడు సాబ్‌కు బదిలీ అయింది, కొత్తగా వచ్చినవాళ్లు ఆ దరువు తీసేసి పిల్లనగ్రోవి పెట్టారు.

బస్టాండులో ఆ అమ్మాయి ఫోన్ మాట్లాడి పెట్టేసింది. నా జామకాయలు ఏరి తెచ్చి ఇచ్చింది.

"ఆ పాట ఎక్కడిదమ్మా?"

"నెట్‌ల దొరికిందంట అమ్మమ్మా. పాత రేడియోది. మా ఆయన పెట్టిండు, మస్తుంటదని. ఎందుకట్ల నిలవడ్డవ్? నీ బస్సు ఇంక రాలే. కూసో."

కూర్చోవాలనే అనుకున్నాను. బెంచీ చెక్క మీద వేళ్లు ఆనించి ఆ విడుపు గుర్తుతెచ్చుకోబోయాను. మొదటి నాలుగు దెబ్బలు వచ్చాయి. అయిదోది రాలేదు. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగింది. పాలు తాగుతున్న బిడ్డ తల తిప్పి నా వేళ్లవైపు చూసింది. చెయ్యి తీసేశాను.

"కూసో అమ్మమ్మా, కాళ్లు నొస్తయి" అని ఆ అమ్మాయి రెండుసార్లు అంది. బస్సు వచ్చేదాకా నిలబడే ఉన్నాను.